ఓపెన్ యాక్సెస్ అంటే డబ్బు కట్టి వేయించుకోవడం కాదు: లివర్ మీద పేపర్లు రాసేవాళ్ళ అపోహలు, వాస్తవాలు

మెడికల్ కాలేజీ లైబ్రరీకి పుస్తకం కోసం వచ్చేవాళ్ళు ఇప్పుడు తక్కువ. ఎక్కువమంది ఫోన్‌లో ఒక మెయిల్ తెరిచి నా ముందు పెడతారు. "సార్, ఈ జర్నల్‌లో వేస్తే ప్రమోషన్‌కి పనికొస్తదా? ఓపెన్ యాక్సెస్ అంట, ఎంతో కొంత కట్టాల్సిందే కదా?" నల్గొండలో ఎదురుగా నిలబడి అడుగుతారు, మహబూబ్‌నగర్ నుంచి ఫోన్ చేస్తారు, సూర్యాపేట నుంచి స్క్రీన్‌షాట్ పంపుతారు. అడిగేవాళ్ళ మీద నాకు విసుగు లేదు. పగలు ఓపీ, రాత్రి డ్యూటీ, మధ్యలో థీసిస్, ఎప్పుడు చూసినా టెన్షన్. కానీ "కట్టెయ్, అందరం గట్లనే వేయించుకున్నం" అని వాళ్ళకి సలహా ఇచ్చిన సీనియర్ల మీద మాత్రం కోపం వస్తుంది. తెలియకపోతే తెలియదని చెప్పడానికి ఏం పోయింది?

లివర్ పేపర్ల గురించే ఎందుకు రాస్తున్నానంటే, మా వైపు జనరల్ మెడిసిన్ వాళ్ళ దగ్గర ఉన్న డేటాలో పెద్ద భాగం అదే. మద్యం వల్ల వచ్చిన సిర్రోసిస్, షుగర్‌తో పాటు ఫ్యాటీ లివర్, కామెర్లకి పసరు మందు తాగి ముదిరాక వచ్చే కేసులు. మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2016లో వచ్చింది, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో వచ్చాయి. అంతకుముందు ఈ పేషెంట్లు హైదరాబాద్ పోతే అక్కడి లెక్కల్లో కలిసిపోయేవాళ్ళు. ఇప్పుడు ఇక్కడి కేస్ షీట్ల మీద ఇక్కడి డాక్టర్లే రాస్తున్నారు. అలాంటి పని దొంగ జర్నల్ పాలైతే నాకు నిజంగా బాధ.

అపోహ: ఓపెన్ యాక్సెస్‌లో రావాలంటే డబ్బు కట్టాలి, కడితే వచ్చేస్తుంది.

అందరికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే, కాబట్టి దీని గురించే ఎక్కువ రాస్తాను. చదివేవాళ్ళు డబ్బు కట్టకుండా, అడ్డు లేకుండా పూర్తి పేపర్ చదవగలగాలి, వాడుకోగలగాలి: ఓపెన్ యాక్సెస్ అంటే ఏమిటో చెప్పిన 2002 బుడాపెస్ట్ ప్రకటన కోరింది ఇది. ప్రచురణ ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్నది వేరే లెక్క. కొన్ని జర్నళ్ళు రచయిత దగ్గర ఏపీసీ, అంటే ప్రచురణ ఫీజు, తీసుకుంటాయి. చాలా జర్నళ్ళకి ఆ ఖర్చు ఒక సొసైటీయో, యూనివర్సిటీయో, ప్రభుత్వమో పెట్టుకుంటుంది. ఓపెన్ యాక్సెస్ జర్నళ్ళ జాబితా నడిపే డీఓఏజే సైట్‌లో ఉన్న జర్నళ్ళలో సగానికి పైగా రచయిత దగ్గర రూపాయి తీసుకోవు. ఆ సైట్‌లో ఏపీసీ లేని జర్నళ్ళని మాత్రమే చూపించే ఫిల్టర్ ఉంది, ఒక్క టిక్ పెడితే చాలు. నేను చూపించేదాకా అది ఉందని తెలిసినవాళ్ళు నాకు చాలా తక్కువమంది తగిలారు.

ఇక "కడితే వచ్చేస్తుంది" అన్న రెండో సగం. ఏపీసీ తీసుకునే మంచి జర్నళ్ళు లివర్ రంగంలో ఉన్నాయి. యూరప్ లివర్ సంఘం ఈఏఎస్ఎల్ వాళ్ళ జేహెప్ రిపోర్ట్స్, అమెరికా సంఘం ఏఏఎస్ఎల్‌డీ వాళ్ళ హెపటాలజీ కమ్యూనికేషన్స్ అలాంటివే. అక్కడ డబ్బు మాట వచ్చేది రివ్యూ (అదే రంగం వాళ్ళు చదివి తప్పులు చూడటం) దాటి పేపర్ ఎక్సెప్ట్ అయ్యాకే, రివ్యూలో పోయే పేపర్లు పోతూనే ఉంటాయి. డబ్బు ముట్టగానే ఎక్సెప్ట్ చేసే చోట రివ్యూ ఉండదు.

దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక యువ అసిస్టెంట్ ప్రొఫెసర్ సంగతి చెప్తాను. షుగర్ క్లినిక్‌కి వచ్చే పేషెంట్లలో ఫ్యాటీ లివర్ ఎంత ముదిరిందో ఎఫ్‌ఐబీ-4 స్కోరుతో చూసింది. లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ మెషిన్ అందుబాటులో లేని చోట వయసు, ప్లేట్‌లెట్లు, లివర్ ఎంజైమ్‌లు ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ఈ నాలుగింటితోనే లెక్క కట్టే స్కోరు అది. జిల్లా ఆసుపత్రులకి బాగా పనికొచ్చే పని. మెయిల్‌లో పిలిచిన ఒక జర్నల్‌కి పంపింది, మూడో రోజుకే ఎక్సెప్టెన్స్ వచ్చింది, వెంటనే యూపీఐలో డబ్బు కట్టింది. రివ్యూయర్ కామెంట్లు చూపించమ్మా అంటే ఒకే ఒక్క లైన్ చూపించింది, పేపర్ బాగుందని. ప్రచురించిన పీడీఎఫ్ తీసి టేబుల్ చూశాం. ప్లేట్‌లెట్ల కాలమ్‌లో ఒక గ్రూపు దగ్గర ఒక సున్నా ఎక్కువ పడింది. ఆ స్కోరు లెక్కలో ప్లేట్‌లెట్ల సంఖ్య కింద ఉంటుంది కాబట్టి ఒక సున్నా పెరిగితే స్కోరు పదో వంతుకి పడిపోతుంది. ఆమె లెక్కలో తప్పు లేదు, టైపింగ్‌లో పడిన తప్పది. ఏ రివ్యూయర్ చదివినా మొదట పట్టుకునేది అదే. ఎవరూ చదవలేదని దాంతో తేలిపోయింది.

వెనక్కి తీసుకుంటానని రాస్తే విత్‌డ్రా చేయడానికి మళ్ళీ ఫీజు అడిగారు. అప్పటికే సైట్‌లో పెట్టేశారు కాబట్టి వేరే జర్నల్‌కి పంపితే డూప్లికేట్ పబ్లికేషన్ అవుతుంది. ప్రమోషన్‌కి ఆ పేపర్ పనికిరాదు, ఆ డేటాని మళ్ళీ మంచి చోట పెట్టడమూ కుదరదు. పోయిన డబ్బు సంపాదించుకోవచ్చు, ఆ పేషెంట్ల డేటా అట్లనే పోయింది. ఆమె ఒక్కతే అనుకోకండి, సిగ్గుపడి బయటికి చెప్పుకోనివాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరూ సిగ్గుపడాల్సిన పని లేదు, మోసపోవడం నేరం కాదు.

ఈ పద్ధతి కోర్టుల దాకా కూడా పోయింది. ఓమిక్స్ అనే, హైదరాబాద్ నుంచి నడిచే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సరైన రివ్యూ లేదని, ఫీజు సంగతి ముందే చెప్పడం లేదని, పేపర్ వెనక్కి తీసుకోనివ్వడం లేదని ఆరోపణలు. 2019లో అక్కడి ఫెడరల్ కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని ఆదేశించింది. పైన చెప్పిన డాక్టరమ్మ విషయంతో దీనికి సంబంధం లేదు. పద్ధతులు ఎలా ఉంటాయో కోర్టు రికార్డుల్లోనే ఉందని చెప్పడానికి రాస్తున్నాను.

మంచి జర్నల్‌లోనే అనవసరంగా డబ్బు పోయే చోటు ఇంకొకటి ఉంది. మన దేశంలో లివర్ వాళ్ళు ఎక్కువగా పంపే జర్నళ్ళు రెండు: మన దేశ లివర్ సంఘం ఐఎన్ఏఎస్ఎల్ వాళ్ళ జర్నల్ ఆఫ్ క్లినికల్ అండ్ ఎక్స్‌పెరిమెంటల్ హెపటాలజీ, ఇంకోటి ఇండియన్ జర్నల్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ. రెండూ హైబ్రిడ్, అంటే రచయిత డబ్బు కట్టే ఓపెన్ యాక్సెస్ దారి, చదివేవాళ్ళు కట్టే సబ్‌స్క్రిప్షన్ దారి రెండూ ఉన్నవి. పేపర్ ఎక్సెప్ట్ అయ్యాక ఒక ఫారం వస్తుంది, ఓపెన్ యాక్సెస్ కావాలా, సబ్‌స్క్రిప్షన్ దారి కావాలా అని అడుగుతుంది. సబ్‌స్క్రిప్షన్ అని టిక్ పెడితే మీరు కట్టేది ఏమీ లేదు, పేపర్ అదే జర్నల్‌లో, అదే సంచికలో వస్తుంది, ఇండెక్సింగ్ అదే, ప్రమోషన్ దగ్గర విలువా అదే. ఆ పేజీ దగ్గర కంగారు పడి ఓపెన్ యాక్సెస్ అని నొక్కేస్తారు, తర్వాత డాలర్లలో ఇన్‌వాయిస్ వస్తే గుండె ఝల్లుమంటుంది, అప్పుడు నాకు ఫోన్. నొక్కే ముందు ఫోన్ చేయండి. నొక్కాక కూడా చేయండి, ఇన్‌వాయిస్ కట్టకముందే పబ్లిషర్‌కి మెయిల్ పెట్టి మార్చమని అడగొచ్చు, ఊరికే ఉండకండి.

అపోహ: సైట్ మీద స్కోపస్, పబ్‌మెడ్ లోగోలు ఉంటే చాలు.

స్కోపస్, పబ్‌మెడ్ పేపర్లు వెతుక్కునే డేటాబేస్‌లు, వాటి లోగో ఎవరైనా అతికించుకోవచ్చు. స్కోపస్‌లో ఉందో లేదో స్కోపస్ సోర్స్ లిస్ట్‌లోనే చూడాలి, డీఓఏజేలో ఉందో లేదో డీఓఏజే సైట్‌లోనే, పేరుతో కాకుండా ప్రతి జర్నల్‌కీ విడిగా ఉండే ఐఎస్ఎస్ఎన్ నంబర్‌తో. అసలు జర్నల్ పేరు పెట్టుకుని నకిలీ సైట్లు నడిపేవాళ్ళు కూడా ఉన్నారు. ఇంకొక మాట, మెడ్‌లైన్ (ఎంపిక చేసిన జర్నళ్ళ జాబితా), పబ్‌మెడ్ సెంట్రల్ (పూర్తి పేపర్లు ఉచితంగా దొరికే చోటు), పబ్‌మెడ్ (వెతికే సైట్) మూడూ ఒకటి కావు. పబ్‌మెడ్‌లో వెతికితే పేపర్ కనిపించిందంటే ఆ జర్నల్ మెడ్‌లైన్‌లో ఉన్నట్టు కాదు, పబ్‌మెడ్ సెంట్రల్ ద్వారా కూడా అక్కడికి వస్తుంది. నేషనల్ మెడికల్ కమిషన్ (ఎన్ఎంసీ) 2022 నిబంధనల్లో మెడ్‌లైన్, పబ్‌మెడ్ సెంట్రల్, స్కోపస్, డీఓఏజే లాంటివి పేర్లతో ఉండేవి. మొదటి ముగ్గురు రచయితల్లో ఒకరో, జర్నల్‌తో ఉత్తరాలు నడిపే కరస్పాండింగ్ ఆథరో అయి ఉండాలని కూడా ఉండేది. 2025లో కొత్త నిబంధనలు వచ్చాయి. ఫైల్ పెట్టే నాటికి ఏ నోటిఫికేషన్ అమల్లో ఉందో అదే చూసుకోండి, వాట్సాప్ గ్రూపులో తిరిగే పాత పీడీఎఫ్ నమ్మకండి.

"ఆన్‌లైన్ జర్నల్ చెల్లదంట కదా" అనే భయం కూడా అలాంటి పాత కాగితం నుంచే వచ్చింది. 2015లో అప్పటి మెడికల్ కౌన్సిల్ (ఎంసీఐ) ఈ-జర్నళ్ళని లెక్కలోకి తీసుకోబోమని చెప్పింది. ఆ రోజులు పోయాయి, డీఓఏజే పేరే 2022 నిబంధనల్లోకి వచ్చింది.

అపోహ: పేషెంట్లకీ, పత్రికలవాళ్ళకీ పూర్తి పేపర్ దొరికితే లేనిపోని భయాలు పుడతాయి.

సగం తెలిసినప్పుడే భయం ఎక్కువ. కరోనా టైంలో మా ఊళ్ళలో తిప్పతీగ కషాయం కాయని ఇల్లు తక్కువ. 2021లో ముంబై డాక్టర్లు ఆరుగురు పేషెంట్ల గురించి రాశారు, తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్నదని. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు, వాడింది వేరే మొక్క అయి ఉండొచ్చని వాదించింది. జనంలో ఒకరు తిప్పతీగ విషం అన్నారు, ఇంకొకరు ఇదంతా ఇంగ్లిష్ మందుల కంపెనీల కుట్ర అన్నారు. 2022లో 13 కేంద్రాల నుంచి 43 మంది వివరాలతో ఇంకో పేపర్ హెపటాలజీ కమ్యూనికేషన్స్‌లో వచ్చింది. అది ఓపెన్ యాక్సెస్ కాబట్టి మునుగోడులో ఆయుర్వేద డాక్టర్ అయినా, నాగర్‌కర్నూల్‌లో విలేకరి అయినా ఫోన్‌లోనే మొత్తం చదవొచ్చు. ఎవరికి ఎక్కువ దెబ్బ తగిలింది, ఆటోఇమ్యూన్ లక్షణాలు ఎందరిలో కనిపించాయి, బయాప్సీలో ఏముంది, అన్నీ అందులో ఉన్నాయి. రచయితల వాదన నచ్చకపోయినా దేని మీద వాదించాలో తెలుస్తుంది. మందుల వల్ల లివర్‌కి జరిగే నష్టం గురించి అమెరికా ఎన్ఐహెచ్ వాళ్ళు 2012 నుంచి నడిపే లివర్‌టాక్స్ కూడా ఉచితమే. ఓపెన్ యాక్సెస్‌లో వచ్చినంత మాత్రాన ఒక పేపర్ నిజమైపోదు, తాళం వేసి ఉన్నంత మాత్రాన గొప్పదీ కాదు. తెరిచి ఉంటే తప్పు పట్టుకునేవాళ్ళు పెరుగుతారు, అంతే.

ఫొటోల సంగతి ఎవరూ అడగరు కాబట్టి నేనే చెప్తాను. ఓపెన్ యాక్సెస్ పేపర్లకి మామూలుగా వాడే సీసీ బై లైసెన్స్ కింద వేస్తే మీ పేరు చెప్పి ఎవరైనా ఆ పేపర్‌లోని బొమ్మలని వాడుకోవచ్చు, వ్యాపారానికి కూడా. పచ్చబడిన కళ్ళు, నీరు పట్టిన పొట్ట, ఏవైనా. చికిత్సకి తీసుకున్న సంతకం దానికి సరిపోదు, ప్రచురణకి విడిగా, తెలుగులో, వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పి తీసుకోవాలి. మా దగ్గర ఒక పీజీ అలాగే అడిగాడట, "పెద్దయ్యా, ఈ ఫొటో ఇంటర్నెట్‌ల పెడ్తం, మీ ఊరోళ్ళు కూడా చూడొచ్చు, సరేనా?" అని. ఆయన వెంటనే, "పొట్ట ఏసుకోండ్రి సారూ, మొఖం వద్దు. బిడ్డ పెండ్లి ఉన్నది" అన్నాడట. పొట్ట మాత్రమే వేశారు. అలా అడగకపోయి ఉంటే ఆ మాట బయటికి వచ్చేదే కాదు.

మిగతావి గబగబా. ఇండియా వాళ్ళకి ఏపీసీ మాఫీ ఉంటుందంటారు. పేద దేశాలకి చాలా పబ్లిషర్లు ఆటోమేటిక్‌గా ఇచ్చే మాఫీ జాబితాల్లో మామూలుగా మన దేశం ఉండదు. విడిగా రాసి అడిగితే కొందరు తగ్గిస్తారు, కానీ అడగాల్సింది సబ్మిట్ చేసేటప్పుడే. మెడ్‌ఆర్కైవ్ సైట్‌లో ప్రీప్రింట్ (రివ్యూకి ముందు ప్రతి) పెడితే ఇక ఏ జర్నల్ తీసుకోదన్నదీ తప్పే, ఎల్సెవియర్, స్ప్రింగర్ లాంటి పెద్ద పబ్లిషర్లు మామూలుగా అభ్యంతరపెట్టరు. మీరు పంపే జర్నల్ పాలసీ మాత్రం చదవండి. ఏదైనా జర్నల్ మీద అనుమానం ఉంటే థింక్ చెక్ సబ్మిట్ సైట్‌లో ఏమేం చూసుకోవాలో ఉంటుంది, కాసేపు పట్టే పని.

ఇంకొకటి ఈ మధ్య మొదలైంది: వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ వచ్చింది కదా, ఇక ఓపెన్ యాక్సెస్ ఎందుకు అని. 2025 జనవరి 1 నుంచి నడుస్తున్న ఆ పథకంలో 30 పబ్లిషర్ల దగ్గర దాదాపు 13,000 జర్నళ్ళు చదవొచ్చు, మూడేళ్ళకి 6,000 కోట్లు కేటాయించారు. మంచి పథకం, నా పని చాలా తేలికైంది. కానీ అది ప్రభుత్వ విద్యా, పరిశోధనా సంస్థలకి. అచ్చంపేటలో సొంత క్లినిక్ నడిపే డాక్టర్‌కి, ప్రైవేట్ కాలేజీ పీజీకి, పేషెంట్ కొడుక్కి ఆ తలుపు లేదు. మీరు సబ్‌స్క్రిప్షన్ దారిలో వేసినా వాళ్ళ చేతికి అందించే వీలుంది. రివ్యూ పూర్తయి ఎక్సెప్ట్ అయిన మీ సొంత ప్రతిని జర్నల్ చెప్పిన గడువు దాటాక సంస్థ రిపాజిటరీలో, అంటే సంస్థ వాళ్ళ పేపర్లు దాచే సైట్‌లో, ఉచితంగా పెట్టొచ్చు. ఏ జర్నల్‌కి ఎంత గడువో ఓపెన్ పాలసీ ఫైండర్ సైట్‌లో (పాత పేరు షెర్పా రోమియో) దొరుకుతుంది, మామూలుగా ఏడాది, కొన్నిటికి రెండేళ్ళు. పెట్టాల్సింది పబ్లిషర్ ముద్రించిన పీడీఎఫ్ కాదు, మీరు ఆఖరుసారి దిద్ది పంపిన వర్డ్ ఫైల్. అందుకని పేపర్ ఎక్సెప్ట్ అయిన రోజే ఆ ఫైల్‌ని మెయిల్‌లో మీకు మీరే పంపుకుని, ఒక కాపీ మీ కాలేజీ లైబ్రరీకి కూడా పంపండి. గడువు తీరాక అడిగితే చాలామంది దగ్గర అది ఉండటం లేదు.