ఐస్ కొట్టే అతని కన్ను

పెదవాల్తేరు,
విశాఖపట్నం.

చిరంజీవులు చిన్నికి, బాబ్జీకి తాతయ్య ఆశీస్సులు.

మీరు రైలెక్కినప్పటి నుంచీ ఒక మాట గొంతులోనే ఉండిపోయింది. ఆ రోజు ఫిషింగ్ హార్బర్‌లో ఐస్ కొట్టే అతన్ని చూసి, బాబ్జీ నా చెవిలో "సైకో తాతయ్యా" అన్నాడు. రెప్ప వెయ్యకుండా చూసినా, నవ్వు ఒక పక్కకే వచ్చినా సైకోపాత్ (అంటే ఎదుటివాళ్ల బాధ మనసుకు తగలని మనిషి) అని ఏదో వీడియోలో చెప్పారట. వంజరం మొప్పలెత్తి, ఎర్రగా ఉంటేనే బేరమాడమని అప్పుడే నేర్పాను కదా, మనిషినీ అలాగే చూడొచ్చనుకున్నాడు.

వీడొక్కడే కాదులే. ఇటలీలో లొంబ్రోసో అనే వైద్యుడు 1876లో ఇదే సంగతి మీద పుస్తకం రాశాడు. పెద్ద దవడ, చేటచెవులు, పొడుగు చేతులు పుట్టు నేరగాడి గుర్తులన్నాడు. (చేటచెవుల లెక్కన మన ఇంట్లో సగంమంది జైల్లో ఉండాలి.) తర్వాత ఇంగ్లండులో గోరింగ్ అనే జైలు వైద్యుడు దాదాపు 3,000 మంది ఖైదీలను కొలిచి, సైనికులతో, విద్యార్థులతో పోల్చి చూశాడు. ఖైదీలు ఎత్తూ బరువూ కాస్త తక్కువ, అంతేగాని నేరగాడి ముఖం అంటూ వేరే లేదని 1913లో తేల్చాడు. మన దేశంలో ఆ పిచ్చి ఇంకో రూపంలో నడిచింది. తెల్లదొరల చట్టం ఎరుకలవాళ్ల వంటివాళ్లను పుట్టుకతోనే దొంగలని రాసేసింది.

మరి ఒంట్లో ఏ తేడా ఉండదా? ఉంటుంది. సైకోపాత్ లక్షణాలు ఎక్కువున్నవాళ్లను పరిశోధనల్లో భయపెట్టి చూస్తే, అరచేతుల్లో చెమట తక్కువ పట్టింది. ఇతరులను హింసించేవాళ్లలో నాడి కొంచెం నెమ్మదని కూడా చూశారు. అదంతా వందలమందిని కలిపి తీసిన సగటు. బీచ్ రోడ్డులో రోజూ పరిగెత్తే కుర్రాళ్ల నాడీ నెమ్మదే. బీపీ మాత్ర మింగే నాది మొన్న 56. పోలీసులకు చెప్తారా?

ఎవరు సైకోపాతో తెలుసుకోడానికి కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ హేర్ 20 అంశాల పట్టిక తయారుచేశాడు. ఒక్కోదానికి సున్నా, ఒకటి, రెండు మార్కులు. 40కి 30 వస్తే అక్కడ సైకోపాత్ అంటారు. అందులో కన్నూ లేదు, దవడా లేదు. పైపై తియ్యదనం, అలవోకగా అబద్ధం, ఒకరికి ముల్లు గుచ్చి కూడా మనసు కలుక్కుమనకపోవడం లాంటివి ఉన్నాయి. శిక్షణ పొందినవాళ్లు గంటలకొద్దీ మాట్లాడతారు. అదీ చాలదు, పాత రికార్డులన్నీ తిరగేస్తారు, ఎదుటివాడి మాట నమ్మడానికి లేదు కాబట్టి.

నా చిట్టీ డబ్బు మింగి ఊరొదిలినాయన ముఖం చూస్తే హారతి ఇవ్వాలనిపించేది. నేను కనపడితే చాలు, నా కాళ్లకు దండం పెట్టేవాడు. అతన్నీ సైకోపాత్ అనను. దొంగ, అంతే.

ఆదివారం హార్బర్‌కి వెళ్లి ఐస్ అతన్ని అడిగాను. మూడేళ్ల కిందట మూతి వంకరపోయిందట. ముఖం నరం దెబ్బతిని ఆ పక్క రెప్ప మూతపడదు. ఐస్ తుంపర కంట్లో పడ్డప్పుడల్లా భుజానికేసి తుడుచుకుంటున్నాడు. నేను నిలబడ్డ కాసేపట్లోనే నాలుగుసార్లు.

"మనవలు ఎల్లిపోనారేటి బాబూ?" అని, గోనె కింద నుంచి ఒక శంఖం తీసి ఇచ్చాడు. బాబ్జీకట. కడిగి కిటికీలో ఆరబెట్టాను, ఇంకా చేప వాసన పోలేదు.

మీ తాతయ్య