బ్రెయిలీ గురించి మా పర్లాకిమిడి వైపు వినే అపోహలు, అసలు సంగతులు

ప్రభుత్వ బడుల్లో చూపులేని పిల్లలకు చదువు చెప్పడం నా పని. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో ఎక్కడికెళ్లినా ఇవే మాటలు ఎదురవుతాయి.

అపోహ: "ఇంట్లో తెలుగు, బడిలో ఒడియాతోనే నలిగిపోతున్నాడు. మళ్లీ ఈ బ్రెయిలీ భాష ఒకటా మాస్టారూ?"

బ్రెయిలీ భాష కాదు, వేలితో తడిమి చదివే ఉబ్బెత్తు చుక్కల లిపి. ఒక్కో గడిలో ఆరు చుక్కల చోట్లు: ఎడమ నిలువు వరుస పైనుంచి 1, 2, 3, కుడిది 4, 5, 6. 1951లో ఖాయమైన భారతి బ్రెయిలీ మన ప్రధాన భాషలన్నిటికీ ఉమ్మడి పద్ధతి. తెలుగు 'క' అయినా ఒడియా 'క' అయినా 1, 3 చుక్కలే. 'మ' అయితే 1, 3, 4. కంటితో చదివే పిల్లాడు రెండు వర్ణమాలలు విడివిడిగా దిద్దాలి. వేలితో చదివే పిల్లాడికి ఒకటి వస్తే రెండోది చాలావరకు వచ్చేసినట్టే. ఒడియాలో లేని హ్రస్వ ఎ, ఒ లాంటివి కొన్ని అదనంగా చెబితే సరిపోతుంది. గుడులు, కొమ్ములు, కింద వత్తులు ఉండవు. 'కి' రాయాలంటే క, పక్కన ఇ. 'అమ్మ'కు నాలుగు గడులు: అ, పొల్లు, మ, మ. సరిహద్దు పిల్లలకు ఇంతకంటే అనువైన లిపి నాకు తెలిసి లేదు. ఒడియా మీడియంలో చదివే పిల్లల చేతిలో ఒక తెలుగు బ్రెయిలీ కథల పుస్తకం పెట్టి చూడండి.

అపోహ: చూపులేని వాళ్లకు వేళ్లలోనే చూపు ఉంటుంది, దానంతట అదే వస్తుంది.

రాదు, సాధన కావాలి. చుక్కలకన్నా ముందు పెసలు, శనగలు కలిపి వేరు చేయిస్తాం. కొత్తలో పిల్లలు ఒక్క గడి మీదే వేలు నొక్కిపెట్టి రుద్దుతారు. అలా చేస్తే చుక్క అణిగిపోతుంది, వేలు మొద్దుబారుతుంది. వేలి మెత్తటి భాగం కాగితాన్ని తాకీ తాకనట్టు ఎడమ నుంచి కుడికి జరగాలి. కుడిచేయి లైను ముగిస్తుండగానే ఎడమచేయి కింది లైను మొదలు వెతికి పెట్టుకోవాలి. రాసేటప్పుడు కాగితాన్ని స్లేటులో (గడులున్న బ్రెయిలీ పలక) బిగించి వెనకవైపు నుంచి స్టైలస్‌ అనే మొనదేలిన పుల్లతో గుచ్చుతారు కాబట్టి కుడి నుంచి ఎడమకు రాయాలి. ఇది చూసి తల్లిదండ్రులకు టెన్షన్. పిల్లలకు మాత్రం ముందు తగిలే నిలువు వరుస ఎప్పుడూ 1, 2, 3 అని అలవాటైతే తికమక ఉండదు.

అపోహ: ఫోనే చదివి వినిపిస్తుంటే బ్రెయిలీ ఎందుకు?

ఫోను నేనూ నేర్పిస్తాను, అదీ కావాలి. కానీ హరికథ విన్నంత మాత్రాన చదవడం వచ్చేస్తుందా? 'కల', 'కళ' తేడా, ఎక్కడ ద్విత్వం, ఎక్కడ దీర్ఘం అన్నది వేలికి తగిలితేనే నిలుస్తుంది. భిన్నాలు, సమీకరణాలు చెవితో మాత్రమే చేయమనడం పిల్లల్ని లెక్కలకు దూరం చేయడమే.

అపోహ: కొంచెం చూపుంటే బ్రెయిలీ అక్కర్లేదు.

నాలుగు లైన్లకే కళ్లు నొప్పెట్టే పిల్లలున్నారు. రెటినైటిస్ పిగ్మెంటోసా లాంటి జబ్బులో చూపు క్రమంగా తగ్గిపోతుంది. చూపు ఉండగానే మామూలు అక్షరాలు, బ్రెయిలీ రెండూ నేర్పడం మేలు.

అపోహ: ఇదంతా హాస్టలున్న ప్రత్యేక పాఠశాలల పని.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపై వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఊరి బడిలోనైనా, కోరుకుంటే ప్రత్యేక పాఠశాలలోనైనా ఉచితంగా చదివే హక్కుంది. నన్ను బాధపెట్టేది వేరే. రిసోర్స్ టీచర్, అంటే నాలా ఇలాంటి పిల్లలకు చెప్పే టీచర్, ఒకరే ఎన్నో బడులు తిరగాలి, బ్రెయిలీ ఏమో రోజూ చేతికి తగలాలి. అందుకే క్లాసు టీచర్లను బతిమాలతాను: మీరు వేలితో చదవక్కర్లేదు, కంటితో చూసి చదవండి. ఆరు చుక్కలతో వచ్చే కూర్పులు మొత్తం 63. చూపున్నవాళ్లకు అది పెద్ద పనేం కాదు. పిల్ల రాసింది ఆ రోజే దిద్దే మనిషి బడిలో ఉండాలి.

ఇంట్లో వాళ్లకు ఒక మాట. బ్రెయిలీ పుస్తకాలు లావుగా ఉన్నాయని అటక మీద ఒకదానిపై ఒకటి పేర్చకండి, చుక్కలు అణిగిపోతాయి. నిలబెట్టి ఉంచండి.

అలాగే, ఒడిశాలో తీసుకున్న వైకల్య ధ్రువపత్రం సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళ్తే చెల్లదనుకుంటారు. అదే చట్టం కింద అది దేశమంతా చెల్లుతుంది. పెన్షన్ లాంటివి మాత్రం ఏ రాష్ట్రం నిబంధనలు ఆ రాష్ట్రానివే, అక్కడి ఆఫీసులోనే అడగాలి.