చదరంగంలో ప్లాన్, జాగ్రత్త: కొన్ని అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడిలో మా ఇంటి వరండాలో రోజూ సాయంత్రం పిల్లలకు చదరంగం నేర్పుతాను. సరిహద్దు అవతల పాతపట్నం నుంచి కూడా వస్తారు. ఎవరొచ్చినా ముందు ఈ నమ్మకాలనే వదిలించాల్సి వస్తుంది.

అపోహ: ప్లాన్ బాగుంటే గెలుపు మనదే.

వాస్తవం: మా దగ్గర ఎక్కువ ఆటలు పోయేది ఇక్కడే. మొన్న తెల్లపావులతో ఆడిన ఒక అమ్మాయి ఎంతో ఓపికగా సి వరుస తెరిచింది (బోర్డు మీద నిలువు వరుసలకు ఏ నుంచి హెచ్ దాకా, అడ్డ వరుసలకు 1 నుంచి 8 దాకా పేర్లు). ఒక ఏనుగును సి7 దాకా పంపింది, రెండోదాన్నీ దాని వెనకే సి6కి తోసింది. రాజు ఉన్న మొదటి అడ్డ వరుసలో కాపలాకి ఏ పావూ లేదు. రాజు ముందు మూడు బంట్లూ కదలకుండా ఉన్నాయి. ఎదుటి కుర్రాడు ఏనుగును ఈ1కి దింపాడు, మాట్ (ఆటకట్టు). "మాస్టారూ, నా ప్లాన్ తప్పా?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ప్లాన్ తప్పు కాదమ్మా, ఆ ఒక్క ఎత్తు ముందు అవతలివాడి వైపు నుంచి చూడలేదు, అంతే.

ప్రపంచ చాంపియన్‌కీ తప్పలేదిది. 2006లో బాన్‌లో డీప్ ఫ్రిట్జ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో ఆడుతూ వ్లాదిమిర్ క్రామ్నిక్ 34వ ఎత్తులో మంత్రిని ఈ3కి జరిపాడు. మరుసటి ఎత్తులోనే హెచ్7 దగ్గర మాట్!

అందుకే ప్లాన్ ఎంత నచ్చినా ప్రతి ఎత్తుకీ మూడు ప్రశ్నలు వేసుకోమంటాను. నేనిది ఆడితే ఎదుటివాడు ఏ చెక్ ఇస్తాడు? ఏ పావును కొడతాడు? దేనిమీదకి వస్తాడు? అలవాటైతే కొన్ని సెకన్ల పని.

అపోహ: జాగ్రత్త అంటే పావులు మార్చేసుకోవడం. బోర్డు ఖాళీ అయితే టెన్షన్ ఉండదు.

వాస్తవం: 2024 డిసెంబర్‌లో సింగపూర్‌లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ 14వ గేమ్ చూడండి. గుకేశ్‌తో ఆడుతున్న అప్పటి చాంపియన్ డింగ్ లిరెన్‌కి ఒక బంటు తక్కువ, అయినా డ్రా చేసుకోగలిగిన స్థితి. 55వ ఎత్తులో ఏనుగుల మార్పిడికి దారిచ్చాడు. ఏనుగులు పోయాయి, వెనకే శకటులూ (బిషప్‌లు) పోయాయి. మిగిలిన బంట్ల ఆటలో గుకేశ్‌ని ఆపడం అసాధ్యం. ప్రతి మార్పిడికీ ముందు మిగిలే బోర్డును మనసులో చూసుకోవాలి.

అపోహ: మొదట్లోనే హెచ్3 ఆడేస్తే, అంటే రాజు వైపు చివరి బంటును ఒక గడి జరిపేస్తే, రాజు క్షేమం.

వాస్తవం: రాజు తప్పుకోవడానికి ఇలా కిటికీ తీయాల్సిందే, అవసరమైనప్పుడు. ముందే తీస్తే శకటును బలిచ్చి ఆ బంటునే కొట్టి లోపలికొస్తారు. జరిగిన బంటు వెనక్కి రాదు.

అపోహ: ఎత్తును ముందే కాగితం మీద రాసుకుని సరిచూసుకుంటే మంచిది.

వాస్తవం: ఇప్పటికీ కొందరు పెద్దవాళ్లు ఇలాగే నేర్పుతున్నారు. డ్రా కోరేటప్పుడు తప్ప అలా రాయడాన్ని ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) నిబంధనలు ఒప్పుకోవు. టోర్నమెంట్‌లో ఆర్బిటర్ (ఆట నిర్ణేత) హెచ్చరిస్తే పిల్లలు బెదిరిపోతారు. దానికి బదులు, ఆలోచన అయ్యేదాకా చేతులు ఒళ్లో పెట్టుకోమనండి. పావు ముట్టుకుంటే ఆడాల్సిందే కదా.