షుగర్ మిషన్ అబద్ధం చెప్పిందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

దిల్‌సుఖ్‌నగర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. మా కౌంటర్ దగ్గర రోజూ ఉండే పేచీయే ఇది: "ఇంట్ల మిషన్ ఒకటి చూపిస్తది, మీరొకటి చెప్తరు."

అపోహ: చక్కెరను మిషనే కనిపెడుతుంది.

కాదు. కనిపెట్టేది రక్తపు చుక్క పెట్టే స్ట్రిప్‌లో పూసిన ఎంజైమ్. కొన్నిట్లో అది గ్లూకోజ్ ఆక్సిడేజ్. ఆస్పర్‌జిల్లస్ నైజర్ అనే నల్లబూజు నుంచి తీస్తారు. 1928లో డెట్లెవ్ ముల్లర్ దీన్ని గుర్తించింది కూడా ఆ బూజులోనే. ఇది గ్లూకోజ్ నుంచి రెండు ఎలక్ట్రాన్లు లాక్కుంటుంది, గ్లూకోజ్ కాస్తా గ్లూకోనోలాక్టోన్ అవుతుంది. మామూలుగా ఆ ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌కి చేరి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. స్ట్రిప్‌లో మాత్రం మధ్యలో ఇంకో రసాయనం వాటిని అందుకుని ఎలక్ట్రోడ్‌కి చేరవేస్తుంది. మిషన్ లెక్కపెట్టేది ఆ కరెంటునే. మా ల్యాబ్‌లోనూ ఇదే ఎంజైమ్. కాకపోతే పెరాక్సైడ్‌తో గులాబీ రంగు తెప్పిస్తాం. రంగు ఎంత చిక్కనైతే షుగర్ అంత.

అపోహ: వేలు తుడిస్తే చాలు.

పోయిన మేలో ఒక పెద్దాయన ఇంట్లో 260 వచ్చిందని టెన్షన్‌తో వచ్చారు. మా దగ్గర 128. ఆరా తీస్తే, బంగినపల్లి కోసి మనవడికి పెట్టి, చెయ్యి టవల్‌కి తుడుచుకుని సూది గుచ్చుకున్నారట! వేలి మీది గ్లూకోజ్ ఏదో, రక్తంలోది ఏదో ఎంజైమ్‌కి తెలియదు. స్పిరిట్ దూదితో తుడిచినా నమ్మలేం. సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి.

అపోహ: ల్యాబ్‌కి 15 తేడా వస్తే మిషన్ పాడైనట్టే.

2013 ఐఎస్ఓ ప్రమాణం ప్రకారం షుగర్ 100 దాటితే 15 శాతం తేడా వరకు సరే, 100 లోపైతే 15 పాయింట్లు. తప్పు మా వైపూ ఉండొచ్చు. మామూలు ట్యూబులో రక్తం ఊరికే పెడితే కణాలు గంటకు 5-7 శాతం గ్లూకోజ్ తినేస్తాయి. ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబు అందుకే.

అపోహ: స్ట్రిప్పులన్నీ ఒకటే.

కొన్నిట్లో ఆక్సిడేజ్ బదులు డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, దానికి ఆక్సిజన్‌తో పనిలేదు. అందులో పీక్యూక్యూ అనే సహాయక రసాయనంతో పనిచేసే రకం, మాల్టోజ్ అనే వేరే చక్కెరని కూడా గ్లూకోజ్ అనుకుంటుంది. ఒంట్లో మాల్టోజ్‌గా మారే ఐకోడెక్స్‌ట్రిన్ ద్రవంతో పొట్ట డయాలసిస్ చేయించుకునేవారికి ఇది ప్రమాదమని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లో హెచ్చరించింది.

ఎంజైమ్ అరగదు కదా, స్ట్రిప్ మళ్లీ వాడొచ్చా అని ఒకాయన అడిగారు. తెలివైన ప్రశ్నే, కానీ కుదరదు. మధ్యవర్తి రసాయనం అప్పటికే ఖర్చైపోయి ఉంటుంది. ఎండలో నిలిపిన కారులో మాత్రం స్ట్రిప్ డబ్బా వదలకండి. ఫ్రిజ్‌లోనూ వద్దు. మూత బిగించి బీరువాలో పెట్టండి.