టీకా వద్దనే తల్లిదండ్రులు: అపోహలు, వాస్తవాలు

నేను పిల్లల డాక్టరుని. టీకా వద్దనే తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడితే సైన్సు సందేహాలు చాలావరకు తీరిపోతాయి. ఆ తర్వాత మిగిలేవి తప్పొప్పుల ప్రశ్నలు: హక్కు ఎవరిది, బాధ్యత ఎవరిది, నష్టం ఎవరికి. ఇక్కడ రాస్తున్నది వాటి గురించే.

అపోహ: "మా బిడ్డ, మా ఇష్టం."

వాస్తవం: పెద్దవాళ్లు తమకు వైద్యం వద్దంటే డాక్టర్లు ఆ మాటను గౌరవిస్తారు. నష్టం వస్తే భరించేది వాళ్లే కదా. బిడ్డ విషయంలో నిర్ణయించేది ఒకరు, జబ్బు పడేది ఇంకొకరు. పేరు, చదువు, భక్తి లాంటి వాటిలో తల్లిదండ్రుల మాటే చెల్లాలి, ఎందుకంటే అవి ఇంటింటికీ వేరు. తట్టు సోకిన వెయ్యిమంది పిల్లల్లో దాదాపు ఒకరికి మెదడువాపు వస్తుంది. అది ఏ ఇంటి పద్ధతిని బట్టీ మారదు. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక ఆరోగ్యాన్ని బిడ్డ హక్కుగానే గుర్తించింది.

అపోహ: "మిగతా పిల్లలందరికీ వేశారుగా. మావాడొక్కడికి వేయించకపోతే ఎవరికేం నష్టం?"

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టే మాట ఇదే. తట్టు వచ్చినవాళ్లు గది వదిలి వెళ్లాక కూడా వైరస్ రెండు గంటల దాకా గాలిలో ఉండగలదు. ఎవరికీ రక్షణ లేనిచోట ఒక్కరి నుంచి 12 నుంచి 18 మందికి అంటుకుంటుంది. దాన్ని అడ్డుకోవాలంటే 95 శాతం మందికి రక్షణ ఉండాలి. మిగిలే ఆ కాస్త చోటు ఇంకా టీకా వయసు రాని పసికందులది, క్యాన్సర్ చికిత్సలో ఉన్న పిల్లలది. తట్టు టీకాలో బలహీనపరిచిన బతికున్న వైరస్ ఉంటుంది కాబట్టి కీమోథెరపీ జరుగుతున్న బిడ్డకు అది వేయలేం. ఆ తల్లికి వేరే దారి లేదు. దారి ఉన్నవాళ్లు ఆ చోటును తీసుకోవడం అన్యాయం.

ఇంకో సంగతి. ధనుర్వాతం మనిషి నుంచి మనిషికి అంటదు, దాని క్రిములు మట్టిలో ఉంటాయి. చుట్టూ ఎంతమంది టీకా వేయించుకున్నా మీవాడికి ఒరిగేదేమీ లేదు.

అపోహ: "వేయించాక ఏమైనా అయితే మా చేతులారా చేసినట్టు. వేయించకుండా జబ్బొస్తే అది విధి."

వాస్తవం: ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. సూది వేయించిన రోజు గుర్తుంటుంది. వేయించని రోజంటూ ఒకటి ఉండదు కాబట్టి దాని బరువు తెలియదు. అయినా ముప్పు ఉందని తెలిసి, ఆపగలిగీ ఆపకపోవడం కూడా మన నిర్ణయమే.

అపోహ: "టీకాలతో ఏ ప్రమాదమూ లేదు."

వాస్తవం: ఇది టీకాల తరఫున మాట్లాడేవాళ్లు చెప్పే అపోహ. జ్వరం, దాంతో అరుదుగా ఫిట్స్ రావచ్చు. తీవ్రమైన అలర్జీ సుమారు పది లక్షల డోసుల్లో ఒకసారి కనిపిస్తుంది. ఇవి ముందే చెప్పాలి. పసిఫిక్ దీవుల దేశం సమోవాలో 2018లో నర్సులు తట్టు టీకా పొడిని నీళ్లకు బదులు వేరే మందుతో కలపడంతో ఇద్దరు పసిబిడ్డలు చనిపోయారు. జనంలో నమ్మకం పోయింది, టీకాలు వేయించడం బాగా తగ్గిపోయింది. మరుసటి ఏడాది తట్టు 83 మందిని బలితీసుకుంది, వాళ్లలో ఎక్కువమంది ఐదేళ్లలోపు పిల్లలే. నమ్మకం నిలవాలంటే పొరపాటును ఒప్పుకోవాలి, నష్టపోయినవాళ్లను ఆదుకోవాలి. అందరి మేలు కోసం టీకా వేయించమని అడిగే సమాజం ఆ అరుదైన నష్టాన్ని ఒక్క కుటుంబం మీద వదిలేయకూడదు. బ్రిటన్ 1979లో, అమెరికా 1986లో ఇందుకోసమే పరిహార చట్టాలు చేశాయి.

తట్టు టీకాతో ఆటిజం వస్తుందనే భయం సంగతి ఒక్క మాటలో: ఆ భయాన్ని పుట్టించిన 1998 నాటి వ్యాసంలో ఉన్నది 12 మంది పిల్లలు. దాన్ని అచ్చువేసిన లాన్సెట్ వైద్య పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. తర్వాత డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మంది పిల్లలను పరిశీలించినా సంబంధం కనిపించలేదు.

అపోహ: "వద్దనేవాళ్లను డాక్టరు తిప్పి పంపేయాలి."

వాస్తవం: అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2016లో, అన్ని ప్రయత్నాలూ అయ్యాక అలా పంపడం తప్పు కాదంది. నేను ఒప్పుకోను. పంపేస్తే ఆ బిడ్డకు టీకాతో పాటు డాక్టరు కూడా దూరమవుతాడు. వద్దనేవాళ్లలో చాలామందికి అన్ని టీకాల మీదా భయం ఉండదు, ఏదో ఒకదాని మీదే ఉంటుంది. అది ఏదో అడిగి, మిగతావి వేసి, దాని గురించి మళ్లీ వచ్చినప్పుడు మాట్లాడతాను.