రేవు మెట్ల పాచి, పంటి పాచి

మా భీమవరం వైపు వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు రేవు మెట్ల మీద పాచి ఎండి పెచ్చులు లేస్తుంది. పీడా పోయిందిలే అనుకుంటాం. నీళ్ళు వదిలిన కొన్నాళ్ళకే మళ్ళీ కాలు జర్రున జారుతుంది. పళ్ళ మీద పేరుకునేదాన్ని కూడా మనవాళ్ళు పాచి అనే అన్నారు, సైన్సు లెక్కలో అది చాలా కరెక్టు మాట, ఎందుకంటే రెండూ బయోఫిల్మ్‌లే.

బయోఫిల్మ్ అంటే బాక్టీరియా లాంటి సూక్ష్మజీవులు చక్కెరలు, ప్రొటీన్లతో తామే తయారుచేసుకున్న జిగురులో గుంపుగా కాపురం పెట్టడం. నీళ్ళలో విడిగా తిరిగే బాక్టీరియాని చంపే యాంటీబయాటిక్ మోతాదుని ఈ జిగురులో ఉన్నవాటికి ఒక్కోసారి 1000 రెట్లు పెంచాల్సి వస్తుంది. మందు లోపలికి సరిగా దిగదు. అడుగున ఉన్నవేమో తిండీ ఆక్సిజనూ అందక దాదాపు నిద్రలో ఉంటాయి, పెరిగేవాటిని దెబ్బకొట్టే మందు నిద్రపోయేదాన్ని ఏం చేస్తుంది? షుగరు ఉన్నవాళ్ళ కాలి పుండు నెలల తరబడి మానకపోవడానికి ఇదీ ఒక కారణం.

ఇంకో దారి ఉంది, వెలుతురు. 1900 ప్రాంతంలో మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ అనే విద్యార్థి అక్రిడిన్ రంగు కలిపిన నీళ్ళలో పారమీసియంలు (కంటికి కనపడని ఒంటికణం జీవులు) ఒకసారి త్వరగా, ఒకసారి ఆలస్యంగా చావడం చూశాడు. తేడా వెలుతురుదని తేలింది. ఇప్పుడు మిథిలీన్ బ్లూ లాంటి రంగులు వాడతారు. దాని మీద 660 నానోమీటర్ల ఎర్ర కాంతి పడితే ఆ శక్తి పక్కనున్న ఆక్సిజన్‌కి చేరి, అది సింగ్లెట్ ఆక్సిజన్‌గా, అంటే శక్తి ఎక్కి దుడుకుగా ఉండే ఆక్సిజన్‌గా మారి, ఎదురుపడిన కొవ్వునీ ప్రొటీన్‌నీ పాడుచేసేస్తుంది. ఒకచోట అని కాదు, ఎక్కడ పడితే అక్కడ కొడుతుంది కాబట్టి బాక్టీరియా దీన్ని తట్టుకోవడం నేర్చుకోవడం కష్టం.

చిక్కల్లా దూరం దగ్గరే. సింగ్లెట్ ఆక్సిజన్ నీళ్ళలో కొన్ని మైక్రోసెకన్లే బతుకుతుంది, ఆ కాస్తలో ఒక బాక్టీరియా పొడవంత దూరం కూడా పోలేదు. అంటే రంగు బాక్టీరియా ఒంటిని అంటిపెట్టుకుని ఉండాలి, జిగురు పైపొరలోనే ఆగిపోతే ఎంత లైటు వేసినా దండగ. పోనీ రంగే ఇంకా ఎక్కువ వేద్దామా అంటే మిథిలీన్ బ్లూ అణువులు జంటలుగా అతుక్కుపోయి పని తగ్గుతుంది.

అందుకే రంగుని నానోకణాల్లో (బాక్టీరియా కంటే చాలా చిన్న రేణువుల్లో) పెట్టి పంపుతున్నారు. వీటిలో నాకు భలే నచ్చింది కైటోసాన్, ఎందుకంటే అది మన రొయ్య పెంకులోంచే వస్తుంది (ప్రాసెసింగ్ ప్లాంటు పక్క నుంచి వెళ్ళినవాళ్ళకి ఆ పెంకుల వాసన గురించి వేరే చెప్పక్కర్లేదు). ఆసిడ్‌తో పెంకులోని కాల్షియం, క్షారంతో ప్రొటీన్ తీసేస్తే మిగిలేది కైటిన్, దాన్ని ఘాటైన క్షారంలో వేడిచేస్తే కైటోసాన్. కాస్త పులుపు ఉన్నచోట దానికి ధనావేశం వస్తుంది, బాక్టీరియా పైపొరదేమో ఋణావేశం, ఇంకేం, పోయి అతుక్కుంటుంది. పంటి పాచి పులుపు తయారుచేసేదే కాబట్టి ఇది అక్కడ బాగా కలిసొచ్చే గుణం. ఆక్సిజన్ లేని అడుగు పొరల కోసం మాంగనీస్ డయాక్సైడ్ కణాలున్నాయి, అవి హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని విడగొట్టి అక్కడికక్కడే ఆక్సిజన్ పుట్టిస్తాయి.

అలాగని రేపే మందుల షాపులో దొరుకుతుందనుకోకండి. ఎర్ర కాంతి ఒంట్లోకి కొన్ని మిల్లీమీటర్లే దిగుతుంది, కాబట్టి పన్ను, చర్మం, పైపుండు లాంటివాటికే పనికొస్తుంది. ధనావేశం మరీ ఎక్కువైన నానోకణాలు మన ఒంటి కణాలనీ దెబ్బతీస్తాయి. ల్యాబ్ ప్లేటులో ఒక్క రకం బాక్టీరియాతో పెంచిన పాచి వేరు, వందల రకాలు కలిసి కాపురం చేసే నోటి పాచి వేరు. మొన్న పళ్ళు క్లీనింగ్‌కి వెళ్ళినప్పుడు ఈ లైటు వైద్యం గురించి డాక్టరుగార్ని అడిగితే, "లైటు తర్వాతండీ, ముందు గీకాలి, నోరు తెరవండి" అన్నారు.