కనిపించని కిడ్నీ చెప్పే రోగం

గుర్రం వాంతి చేసుకోలేని జంతువు. అన్నవాహిక జీర్ణాశయంలో కలిసే చోట కండరం అంత గట్టిగా బిగిసి ఉంటుంది. పేగు ఎక్కడైనా మూసుకుపోతే వెనక్కి తన్నిన ద్రవమంతా జీర్ణాశయంలో పేరుకుని, చివరికి దాన్ని చీల్చేయగలదు. 20 మీటర్లు దాటే చిన్నపేగు ఒకటైతే, మడతలు పడి చాలా భాగం దేనికీ అతుక్కోకుండా వదులుగా తేలే పెద్దపేగు మరొకటి. అది పక్కకు జరగవచ్చు, మెలిపడవచ్చు. ఇంత బలిష్ఠమైన ఒంటికి ఇంత పెళుసు కడుపేమిటా అనిపిస్తుంది.

గిట్టతో నేల గీరడం, తల తిప్పి డొక్క వైపు చూసుకోవడం, చెమటలు కారుతూ పడి దొర్లడం: ఈ కడుపునొప్పినే కోలిక్ అంటారు. కారణాలు పదుల సంఖ్యలో ఉంటాయి. చాలావాటికి నొప్పి మందు, ముక్కులోంచి గొట్టం వేసి పట్టే ద్రవాలు సరిపోతాయి. కొన్నిటికి మాత్రం గంటల్లో పొట్ట కోయాలి. వైద్యుడు ముందు తేల్చుకోవలసింది రోగం పేరు కాదు, ఈ గుర్రం ఆ రెండింటిలో ఏ కోవకు చెందిందో.

మలద్వారం గుండా చేయి పెట్టి పేగులను తడిమి చూడటం పాత పద్ధతి. ఇప్పటికీ దాన్ని ఎవరూ వదిలిపెట్టలేదు. కానీ చేతికి అందేది పొట్ట వెనుక భాగమే. చిన్న గుర్రప్పిల్లల్లో అదీ కుదరదు. అక్కడే అల్ట్రాసౌండ్ పనికొస్తుంది. గర్భిణులకు చేసే స్కానింగ్ లాంటిదే ఇదీ. గుర్రాన్ని నిలబెట్టి, వెంట్రుకలు గొరగకుండానే స్పిరిట్‌తో తడిపి, తరంగాలు పంపి అందుకునే ప్రోబ్‌ను ఆనిస్తారు.

చిక్కల్లా గాలితోనే. అల్ట్రాసౌండ్ తరంగాలు గాలిని దాటలేవు, తగిలి వెనక్కి వచ్చేస్తాయి. గ్యాస్ నిండిన పెద్దపేగులో ప్రోబ్ వైపున్న గోడ మాత్రం మెరిసే వంపుగా కనిపిస్తుంది, దాని వెనుకంతా మసక. కడుపంతా వెతకడం కాని పని కనుక బెల్జియంలోని లియేజ్ విశ్వవిద్యాలయ బృందం ఏడే ఏడు చోట్ల చూసే ‘ఫ్లాష్’ పద్ధతిని రూపొందించి 2011లో ప్రచురించింది. స్కానింగ్‌లో పెద్దగా అనుభవం లేని వైద్యులు కూడా దీన్ని పది నిమిషాల ప్రాంతంలో ముగించగలిగారు.

ఆరోగ్యంగా ఉన్న చిన్నపేగు గోడ 3 మిల్లీమీటర్లకు మించదు, ముడుచుకుంటూ సాగుతూ కదులుతుంది. ద్రవంతో బిగుసుకున్న గుండ్రటి పేగు చుట్టలు కదలకుండా కనిపిస్తే సర్జన్‌ను పిలవాల్సిందే. ముసలి గుర్రాల్లో కాడకు వేలాడే కొవ్వు గడ్డ పేగు చుట్టూ బిగుసుకుని ఇలా చేస్తుంటుంది. పెద్దపేగు మెలిపడినప్పుడు గోడ పలుచగా ఉండే సిర ముందు నొక్కుకుపోతుంది. ధమని నుంచి రక్తం వస్తూనే ఉంటుంది, బయటికి పోయే దారి ఉండదు, పేగు గోడ ఉబ్బుతుంది. అది 9 మిల్లీమీటర్లో అంతకంటే ఎక్కువో ఉంటే మెలి అనుమానం బలపడుతుంది. పెద్దపేగు వాపులోనూ గోడ మందమవుతుంది కాబట్టి జ్వరం, విరేచనాలు ఉన్నాయేమో చూడాలి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఎడమ పక్క కథ. అక్కడ ప్లీహం, దాని వెనుక ఎడమ కిడ్నీ, రెండింటినీ కలుపుతూ ఒక బంధనం ఉంటాయి. ఒక్కోసారి పెద్దపేగు పైకెక్కి, దండెం మీద తడి పంచెలా ఆ బంధనం మీద వేలాడుతుంది. అప్పుడు పేగులోని గ్యాస్ అడ్డుపడి కిడ్నీ తెర మీద నుంచి మాయమవుతుంది, ప్లీహం పై అంచు గీత గీసినట్టు తెగిపోతుంది. మామూలుగా అడ్డంకి అయిన గాలే ఇక్కడ రోగాన్ని పట్టిస్తుంది. ఫినైలెఫ్రిన్ అనే మందు ఎక్కిస్తే ప్లీహం కుంచించుకుపోతుంది. ఆపై గుర్రాన్ని కాసేపు పరుగెత్తిస్తే పేగు జారి దిగవచ్చు. ముసలి గుర్రాల్లో ఈ మందు ప్రాణాంతక రక్తస్రావం తెచ్చిన సందర్భాలున్నాయి కనుక అందరికీ వాడరు. మరో పేగు భాగంలోని గ్యాస్ కూడా కిడ్నీని కప్పేయవచ్చు. అందుకే చేతి పరీక్షతో సరిచూసుకుంటారు.

పొట్ట నడిమధ్యన ఉన్నదీ, గ్యాస్ చాటున పేగులో ఇరుక్కున్న రాయీ ప్రోబ్‌కు దొరక్కపోవచ్చు. మామూలుగా నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకునే గుండె ఎంత వేగం పెంచింది, పొట్టలోంచి సూదితో తీసిన ద్రవం ఎర్రబడిందా అన్నవి కూడా తూకంలోకి వస్తాయి. నొప్పి మందు ఇచ్చిన కాసేపటికే మళ్లీ దొర్లుతున్న గుర్రాన్ని, స్కాన్‌లో ఏమీ కనిపించకపోయినా, సర్జన్లు ఆపరేషన్‌కు తీసుకుంటారు.